ఫ్రెంచిలో ‘ఉందా, లేదా’ అని అడగాలంటే ఏది మేలు?

పారిస్‌లో బేకరీకి వెళ్లి క్రువాసాఁలు (నెలవంక ఆకారపు వెన్న రొట్టెలు) ఉన్నాయా అని అడగాలి. మూడు పద్ధతులున్నాయి. మామూలు వాక్యాన్నే చివర గొంతు లేపి ‘వూజావే దే క్రువాసాఁ?’ అనొచ్చు. దాని ముందు ‘ఎస్క’ తగిలించి ‘ఎస్క వూజావే దే క్రువాసాఁ?’ అనొచ్చు. లేదా క్రియను కర్తకు ముందుకు జరిపి ‘అవే-వూ దే క్రువాసాఁ?’ అనొచ్చు.

మాటల్లో ఎక్కువగా వినపడేది మొదటిదే. కొత్తగా నేర్చుకోవాల్సిందీ లేదు, వాక్యం మారదు కదా! మనకు చిక్కల్లా అక్కడే. తెలుగులో ‘ఉన్నాయా’ అని దీర్ఘం తీస్తే చాలు, గొంతు ఎటు పోయినా ప్రశ్న ప్రశ్నే. అదే అలవాటుతో ఫ్రెంచి వాక్యం చివర గొంతు దించేస్తే, ‘మీ దగ్గర క్రువాసాఁలు ఉన్నాయి’ అని కౌంటర్లో ఉన్నావిడకే కబురు చెప్పినట్టవుతుంది.

అందుకే కొత్తవాళ్ల విషయంలో నా ఓటు ‘ఎస్క’కే. అది చెవిన పడగానే ప్రశ్న వస్తోందని ఎదుటివాళ్లకు తెలిసిపోతుంది. ఆ తర్వాత ఉచ్చారణ కాస్త తడబడినా సర్దుకుంటారు. అచ్చుతో మొదలయ్యే ‘ఇల్’ (అతను), ‘ఎల్’ (ఆమె) ముందు ‘ఎస్కిల్’, ‘ఎస్కెల్’ అని కలిసిపోవడం ఒక్కటి గుర్తుంటే చాలు. డెల్ఫ్ ఏ1 (ఫ్రెంచి నేర్చుకునేవాళ్ల కోసం పెట్టే పరీక్షలో తొలి స్థాయి) మౌఖిక పరీక్షలో చీటీల మీది పదాలు చూసి ఎగ్జామినర్‌నే ప్రశ్నలడిగే భాగం ఉంటుంది. ఆ టెన్షన్‌లో వాక్యాన్ని తిరగేసే ఓపిక ఎవరికుంటుంది?

తిరగేయడం రాతకు, మర్యాదకు బాగుంటుంది. ‘పూర్యే-వూ’ (మీరు చేయగలరా), ‘ప్విజ్’ (నేను చేయొచ్చా) లాంటివి కంఠతా పట్టేయండి. సొంతంగా కట్టబోతేనే పేచీ. ‘పార్ల్-తిల్?’ (అతను మాట్లాడతాడా)లో మధ్యన ఒక ‘త’ దూరుతుంది. కర్త పేరైతే పేరు ముందే ఉండి, వెనక సర్వనామం మళ్లీ రావాలి: ‘మరీ వియాఁ-తెల్?’ (మరీ అనే అమ్మాయి వస్తోందా). ‘నేను’తోనైతే ఏవో కొన్ని క్రియలకు తప్ప వాడరు. పైగా కాఫీ తాగుతూ స్నేహితుణ్ణి ఇలా అడిగితే ఆఫీసు ఉత్తరం చదివినట్టుంటుంది.

కెనడాలో ఫ్రెంచి మాట్లాడే క్యుబెక్ రాష్ట్రంలోని మాంట్రియల్ వెళ్లేవాళ్లకు ఇంకొకటి ఎదురవుతుంది. క్యుబెక్ వాడుకలో క్రియ వెనక ‘త్సు’ చేరుస్తారు: ‘సే-త్సు లువాఁ?’ అంటే దూరమా అని. ఇక్కడ ఆ ‘త్సు’కు ‘నువ్వు’ అన్న అర్థం లేదు, అచ్చం మన ‘దూరమా’లోని ‘ఆ’ లాంటిదే. వినడానికి ముద్దుగా ఉంటుంది గానీ పరీక్షలో వద్దు.

ఇక జవాబు సంగతి. ‘లేవా?’ అని అడిగినప్పుడు ఉన్నాయని చెప్పాలంటే మామూలు ‘అవును’ అయిన ‘వీ’ అనరు, ‘సీ’ అంటారు. మీరు ఏ పద్ధతిలో అడిగినా ఇది మారదు.