ఎస్టెస్ పార్క్ మంచులో జింక జాడలు పట్టుకుని వెనక్కి నడిచాం

డెన్వర్ వచ్చి నాలుగేళ్ళయినా చలికాలంలో రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్ వైపు పోలేదు, పార్క్‌లో కొండల మీదుగా పోయే ట్రయల్ రిడ్జ్ రోడ్ మూసేస్తారు కదా ఇంకేం చూస్తాం అని మా ఆయన మాట. మొన్న జనవరిలో పాప పట్టుబట్టింది, మంచులో జంతువుల అడుగులు చూడాలట. సరే అని పులిహోర డబ్బా, ఫ్లాస్కులో టీ పెట్టుకుని శనివారం పొద్దున్నే బయల్దేరాం. బౌల్డర్, లయన్స్ మీదుగా గంటన్నర. ఎండాకాలంలో ఉండే టైమ్డ్ ఎంట్రీ గొడవ, అంటే లోపలికెళ్ళే టైమ్ ముందే బుక్ చేసుకోవడం, ఇప్పుడు లేదు, గేటు దగ్గర టికెట్ కట్టి వెళ్ళిపోవడమే.

ముందు అందరిలాగే బేర్ లేక్. 9,475 అడుగుల ఎత్తు, గడ్డకట్టిన సరస్సు, ఫొటోలకి సూపర్. జాడల కోసమైతే మాత్రం దండగ, తిరనాళ్ళలా జనం, మంచంతా బూట్లతో తొక్కేశారు. పైగా లోతు మంచులో మేత దొరకదని జింకలు చలికాలం కిందికి దిగిపోతాయి, అది మాకు తర్వాత వెలిగింది.

అసలు చోటు అప్పర్ బీవర్ మెడోస్, పార్క్‌లోనే ఇంకా కిందికి ఉన్న పచ్చికబయలు. ఆ రోడ్డు చలికాలం కార్లకి మూసేస్తారు, బండి ఆపి నడవాలి. పార్క్ పక్కనే ఉన్న ఎస్టెస్ పార్క్ ఊళ్ళో షాపులో స్నోషూస్, అంటే మంచులో కూరుకుపోకుండా బూట్లకి కట్టుకునే వెడల్పాటి పలకలు, అద్దెకి తీసుకున్నాం, ఒకదాని స్ట్రాప్ పది నిమిషాలకే ఊడింది, తిరిగిచ్చేటప్పుడు అడిగితే సారీ తప్ప ఇంకేం లేదు. నిజానికి అక్కడ మంచు అంత లోతు లేదు, బూట్లకి తగిలించే స్పైక్స్ చాలు, డబ్బులు వేస్ట్.

ఓ పావుగంట నడిచామో లేదో రోడ్డుకి అడ్డంగా జాడలు. రెండు చీలికల గిట్ట, మూడంగుళాలకి అటూ ఇటూ, మొనదేలిన వైపు అది వెళ్ళిన దిక్కు. పాప హార్ట్ షేప్ అంది, నాకైతే వాన పడ్డాక మా ఊళ్ళో మేకల మంద పోయిన దారి గుర్తొచ్చింది, అచ్చం అదే. పక్కనే ఇంకొంచెం గుండ్రంగా, పెద్దగా ఉన్నవి ఎల్క్‌వి, అదీ జింక జాతే, సైజు చాలా పెద్దది.

మా ఆయన ముందుకి పోదాం అన్నాడు. నేను ఒప్పుకోలేదు. చలికాలం అవి ఒంట్లో కొవ్వు మీదే నెట్టుకొస్తుంటాయి, మనం వెంటపడి పరిగెత్తిస్తే ఆ కాస్తా కరిగిపోతుంది, పార్క్ రూల్ ప్రకారం కూడా 75 అడుగుల దూరం ఉండాలి. అందుకని వెనక్కి, అంటే అది ఎక్కణ్ణించి వచ్చిందో అటు నడిచాం. ముందు కాలు పెట్టిన గుంటలోనే వెనక కాలు పెడుతుంది కాబట్టి రెండు కాళ్ళ జీవి నడిచినట్టే ఉంటుంది. ఒకచోట నాలుగు గిట్టలూ ఒక్కచోటే దిగి, మళ్ళీ అంత దూరాన దిగి ఉన్నాయి, దేనికో బెదిరి గెంతింది, ఇక్కడి జింక మ్యూల్ డీర్, దాని గెంతు అలాగే ఉంటుంది. ఇంకా వెనక్కి పోతే పొదల కొమ్మలు పీచులు పీచులుగా తెగి ఉన్నాయి, మేకలకి లాగే జింకకీ పైన ముందు పళ్ళు ఉండవు, కొరకడం కాదు లాగి తెంపుతుంది.

చివరికి పాండరోసా పైన్ చెట్టు కింద మంచు కరిగి కోడిగుడ్డు ఆకారంలో మూడు గుంటలు, రెండు పెద్దవి ఒకటి చిన్నది, రాత్రి అక్కడే పడుకున్నాయన్నమాట. మంచులో వెంట్రుకలు అతుక్కుని ఉన్నాయి. పాప గ్లవ్ తీసి చెయ్యి పెట్టి చల్లగానే ఉందంది, కాస్త నిరాశగా. అసలు జింక మాత్రం కంటపడలేదు, నాకైతే ఆ లోటే తెలీలేదు.

బస గురించి చెప్పాలంటే, చవక అని బుక్ చేసిన మోటెల్లో హీటర్ రాత్రంతా ట్రాక్టర్‌లా మోగింది, ఇంకో నలభై డాలర్లు పోసి కిచెన్ ఉన్న క్యాబిన్ తీసుకోవాల్సింది, అన్నం వండుకోవచ్చు కదా, చలికాలం తిండి హోటళ్ళు చాలావరకు తొందరగా మూసేస్తున్నారు.

ఆదివారం పొద్దున లేచి చూస్తే ఆ మోటెల్ పార్కింగ్‌లోనే, మా కారు చుట్టూ, అవే గిట్టలు. మా ఆయన నన్నేమీ అనలేదు, కారు మీద మంచు గీకుతూ నవ్వాడంతే.