పదేళ్ళు, ఒక ఎయిర్ కూలర్, 4.2 గిగాహెర్ట్జ్: బెజవాడ ఎండల్లో నా ఐ5-2500కె

నేను విజయవాడలో పెళ్ళి వీడియోల మిక్సింగ్ చేస్తాను. 2012 డిసెంబర్‌లో ఇంటెల్ కోర్ ఐ5-2500కె ప్రాసెసర్, దాని మీదికి కూలర్ మాస్టర్ హైపర్ 212 ఈవో కూలర్ కొన్నాను. 2022 చివరి దాకా నా బతుకుదెరువు ఆ మెషీన్ మీదే నడిచింది. మొదటి ఐదు నెలలు దాన్ని 4.5 గిగాహెర్ట్జ్ దగ్గర నడిపాను. ఆ తర్వాత తొమ్మిదిన్నరేళ్ళు 4.2 దగ్గరే. ఆ 0.3 ఎందుకు వదులుకున్నానో చెప్పాలనే ఇది రాస్తున్నాను. ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడపడం) గురించి మనం చదివే లెక్కలు చాలావరకు 20, 22 డిగ్రీల గదుల్లో తీసినవి. మన గదులు అలా ఉండవు.

ముందే ఒక మాట. ఇక్కడ ఎయిర్ కూలర్ అంటే కిటికీలో గడ్డి తడిపి పెట్టుకునే కూలర్ కాదు. ప్రాసెసర్ మీద బిగించే హీట్‌సింక్, దానికో ఫ్యాన్. ఆ గడ్డి కూలర్ సంగతి కూడా తర్వాత వస్తుంది.

ప్రాసెసర్ కొనేటప్పుడు షాపులో కుర్రాడు "కొత్తది వచ్చాక పాతది ఎందుకన్నా?" అని రెండుసార్లు అడిగాడు. అతను అడిగినదాంట్లో తప్పు లేదు. 2500కె 2011 జనవరిలో వచ్చింది. నేను కొనే నాటికి దాని తర్వాతి తరం 3570కె మార్కెట్లో ఉంది. కానీ నేను ఎక్కువ వేగంతో నడపాలనే కొంటున్నాను. 2500కెలో సిలికాన్ ముక్కకీ, పైనున్న లోహపు మూతకీ మధ్య టంకం ఉంటుంది. 3570కెలో అక్కడ థర్మల్ పేస్ట్ వాడారు. టంకం ద్వారా వేడి తేలిగ్గా పైకి వస్తుంది, పేస్ట్ ద్వారా అంత తేలిగ్గా రాదు. పైన ఎంత పెద్ద కూలర్ పెట్టినా, వేడి మూత దాకా రాకపోతే అది చేసేదేమీ లేదు. ఎండాకాలం నాలుగు నెలలుండే ఊళ్ళో నాకు ఆ టంకమే ముఖ్యం అనిపించింది. పదేళ్ళ తర్వాత కూడా ఆ ఎంపిక సరైనదే అంటాను.

ఇందులో నాలుగు కోర్‌లు. మామూలు వేగం 3.3 గిగాహెర్ట్జ్. ఒక్క కోర్ పనిచేస్తుంటే టర్బోలో (అవసరాన్ని బట్టి తనంతట తాను వేగం పెంచుకోవడం) 3.7 దాకా వెళ్తుంది, నాలుగూ కలిసి పనిచేస్తే 3.4 దగ్గర ఆగుతుంది. వీడియో ఎక్స్‌పోర్ట్‌లో (మిక్సింగ్ అయిన వీడియోని ఒక ఫైలుగా తయారుచేయడం) నాలుగూ పనిచేస్తాయి కాబట్టి నా లెక్కకి అసలు వేగం 3.4. పేరు చివర ఉన్న 'కె' అంటే మల్టిప్లయర్ మన చేతిలో ఉంటుందని అర్థం. బేస్ క్లాక్ అనే మూల వేగాన్ని మల్టిప్లయర్‌తో గుణిస్తే ప్రాసెసర్ వేగం వస్తుంది. ఈ తరంలో 100 మెగాహెర్ట్జ్ బేస్ క్లాక్‌ని పెద్దగా కదపలేం. మిగతా బస్సులన్నీ (భాగాల మధ్య డేటా దారులు) దానికే ముడిపడి ఉంటాయి. కాబట్టి చేసేదల్లా మల్టిప్లయర్ పెంచడం, దానికి తగ్గట్టు వోల్టేజి ఇవ్వడం. బోర్డు మాత్రం ఓవర్‌క్లాకింగ్‌కి వీలిచ్చే చిప్‌సెట్‌ది కావాలి. నాది జెడ్77.

కూలర్ గురించి. 159 మిల్లీమీటర్ల ఎత్తు, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్, నాలుగు రాగి హీట్ పైపులు. పైపు అడుగున వేడి తగిలితే లోపలి ద్రవం ఆవిరై పైకి పోతుంది. పైన రేకుల దగ్గర చల్లబడి మళ్ళీ ద్రవమై పైపు లోపలి పొర వెంట కిందికి వస్తుంది. దీనికి కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు. తిరిగేది ఫ్యాన్ ఒక్కటే. ఈ కూలర్‌లో ఆ పైపులే నేరుగా ప్రాసెసర్ మూతని తాకుతాయి. వాటి మధ్య సన్నని గాడులుంటాయి. అందుకే నడిమధ్యలో ఒక చుక్క పేస్ట్ వేసి వదిలేస్తే చాలదు. గాడులు ముందు నింపి, పైన పల్చగా రాసి అప్పుడు బిగించాలి. మొదటిసారి చుక్క పద్ధతిలో బిగించి, రెండో రోజు విప్పి మళ్ళీ గాడులు నింపి పెడితే లోడ్‌లో 4 డిగ్రీలు తగ్గింది. కొనేముందు క్యాబినెట్ వెడల్పు టేపుతో కొలుచుకోండి. ర్యామ్ మీద ఎత్తైన రేకులుంటే మొదటి స్లాట్ దగ్గర ఫ్యాన్ అడ్డం వస్తుంది, నేను అందుకే పొట్టి ర్యామ్ తీసుకున్నాను.

డిసెంబర్‌లో రెండు రాత్రులు కూర్చుని 4.5 పట్టాను. మల్టిప్లయర్ ఒక్కో మెట్టు పెంచడం, ప్రైమ్95 (ప్రాసెసర్‌కి పూర్తి పని పెట్టి పరీక్షించే ప్రోగ్రాం) నడపడం, బ్లూ స్క్రీన్ (విండోస్ ఆగిపోయి తెర నీలంగా మారడం) వస్తే కొంచెం వోల్టేజి పెంచడం. బ్లూ స్క్రీన్ మీద 124 నంబర్ కనపడితే చాలాసార్లు ప్రాసెసర్‌కి వోల్టేజి చాలలేదనే అర్థం. చివరికి 1.33 వోల్టుల దగ్గర నిలబడింది. గదిలో 24 డిగ్రీలు, ఫుల్ లోడ్‌లో ప్రాసెసర్ 67 డిగ్రీలు. రాత్రంతా ప్రైమ్95 నడిచింది. సంక్రాంతి తర్వాతి పెళ్ళిళ్ళన్నీ ఆ వేగం మీదే దాటాయి.

మే నెల చివర్లో, రోహిణి కార్తె వచ్చాక, ఒక రాత్రి జరిగింది చెబుతాను. మర్నాడు పొద్దున ఎనిమిదికి ఒక పెద్దాయన డీవీడీలకి వస్తానన్నారు. వాళ్ళబ్బాయి, కోడలు ఆ సాయంత్రమే అమెరికా విమానం ఎక్కుతున్నారు. రాత్రి పదింటికి ఎక్స్‌పోర్ట్ పెట్టాను. ఒంటిగంటకి బ్లూ స్క్రీన్. మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. నలభై నిమిషాలకి మళ్ళీ బ్లూ స్క్రీన్, అదే 124. టెన్షన్‌తో చేతులు వణికాయి. ఐదు నెలలుగా ఏ ఇబ్బందీ పెట్టని సెట్టింగ్ అది, అందుకే దాని మీద నాకు అనుమానమే రాలేదు. ర్యామ్ పీకి తుడిచి పెట్టాను, పవర్ సప్లైని అనుమానించాను. రెండు గంటలకి ఇంకేమీ తోచక, బోర్డు సెట్టింగ్‌లు ఉండే బయోస్‌లో అన్నీ మామూలు సెట్టింగ్‌లకి తెచ్చి, క్యాబినెట్ పక్క డోర్ తీసి, టేబుల్ ఫ్యాన్ దానివైపు తిప్పి ఎక్స్‌పోర్ట్ మొదలుపెట్టాను. ఏడు గంటలకి అయింది. పెద్దాయన వచ్చేసరికి రెండో డిస్క్ రైట్ అవుతోంది. ఆ పెళ్ళి వాళ్ళకి మళ్ళీ రాదు. ఆ ఒక్క రాత్రి నేను మాట తప్పి ఉంటే, వాళ్ళు దాన్ని ఎన్నాళ్ళు తలుచుకునేవారో నాకు తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం కూర్చుని కొలిచాను. గోడ ధర్మామీటర్ 38 చూపిస్తోంది. ప్రాసెసర్ ఫుల్ లోడ్‌లో 81. ఈ చిప్ తనంతట తాను వేగం తగ్గించుకునేది 98 దగ్గర. అంటే 81 అనేది కాలిపోయే వేడి కాదు. నన్ను పొరపాటు పడేసింది అదే. 98కి చాలా దూరం ఉంది కదా అనుకునేవాణ్ణి. కానీ చిప్ వేడెక్కే కొద్దీ ట్రాన్సిస్టర్లు కొంచెం నెమ్మదిస్తాయి, కరెంటు లీక్ ఎక్కువవుతుంది. 67 డిగ్రీల దగ్గర సరిపోయిన 1.33 వోల్టులు 81 దగ్గర సరిపోలేదు. వోల్టేజి ఇంకా పెంచితే ఇంకా వేడి. ఆ దారిలో వెళ్ళకూడదని అప్పుడే అనుకున్నాను.

రెండు కొలతలూ పక్కపక్కన రాసుకుంటే విషయం తేలిపోయింది. డిసెంబర్‌లో 24 నుంచి 67, తేడా 43. మేలో 38 నుంచి 81, తేడా 43. కూలర్ తన పని అణుమాత్రం తగ్గకుండా చేస్తోంది. ఎయిర్ కూలర్ ఎంత మంచిదైనా గది వేడి కంటే కిందికి తేలేదు. అది ఇచ్చేది ఆ తేడా మాత్రమే. అందుకే ఎవరైనా "నాకు లోడ్‌లో 65 వస్తోంది" అంటే నేను మొదట అడిగేది గదిలో ఎంత ఉందని.

అప్పుడు 4.2కి దిగాను. దానికి 1.22 వోల్టులు చాలాయి. ప్రాసెసర్ పుట్టించే వేడి స్థూలంగా వేగంతోనూ, వోల్టేజి వర్గంతోనూ పెరుగుతుంది. ఆ లెక్కన 4.2 నుంచి 4.5కి వెళ్తే వేగం పెరిగేది 7 శాతం, వేడి పెరిగేది 27 శాతం. నా కొలతల్లోనూ అదే కనిపించింది. 43 ఉన్న తేడా 34కి దిగింది. అదే 38 డిగ్రీల గదిలో ఇప్పుడు 72. పనిలో నష్టం ఎంత? మామూలు వేగంలో 5 గంటలు పట్టే ఎక్స్‌పోర్ట్ 4.5 దగ్గర 3 గంటల 47 నిమిషాలు పడుతుంది, 4.2 దగ్గర 4 గంటల 3 నిమిషాలు. తేడా 16 నిమిషాలు. ఓవర్‌క్లాకింగ్ అసలే చేయకపోతే పోయేది దాదాపు గంట. కాబట్టి ఓవర్‌క్లాకింగ్ వృథా అని నేను అనను. ఆ గంట నాకు పదేళ్ళ పాటు, దాదాపు ప్రతి పెళ్ళికీ మిగిలింది. చివరి 16 నిమిషాలే ఖరీదైనవి.

పరీక్ష కూడా ఎండాకాలంలోనే పెట్టాలి. నేను ప్రతి ఏడూ మేలో ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపులు మూసి, ఏసీ లేకుండా, ప్రైమ్95 ఒక నాలుగు గంటలు నడిపి, తర్వాత నిజమైన పెళ్ళి ప్రాజెక్ట్ ఒకటి ఎక్స్‌పోర్ట్ పెట్టేవాణ్ణి. ప్రైమ్95 పాసై ఎక్స్‌పోర్ట్‌లో పడిపోయిన సందర్భాలు చూశాను కాబట్టి రెండూ కావాలి. బ్లూ స్క్రీన్ రాలేదని ఊరుకోకుండా విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ హెచ్చరికలు ఉన్నాయేమో చూడండి. ప్రాసెసర్ తప్పు చేసి తానే దిద్దుకుంటే ఆ సంగతి అక్కడ పడుతుంది. వోల్టేజిని ఆఫ్‌సెట్ పద్ధతిలో (ఒకే వోల్టేజి బిగించకుండా, ప్రాసెసర్ అడిగేదానికి కొంత కలిపి) ఇస్తే పని లేనప్పుడు 1.6 గిగాహెర్ట్జ్‌కి, తక్కువ వోల్టేజికి దిగుతుంది. టైమ్‌లైన్ మీద కట్‌లు చేసుకునేటప్పుడు సగం సేపు అది అక్కడే ఉంటుంది.

టవర్ కూలర్ పెట్టినవాళ్ళు పట్టించుకోని చోటు ఇంకొకటి ఉంది. ప్రాసెసర్‌తో వచ్చే చిన్న కూలర్ గాలిని కిందికి ఊదుతుంది, ఆ గాలి పక్కనే బోర్డు మీదున్న వోల్టేజి సర్క్యూట్‌కి కూడా తగులుతుంది. టవర్ కూలర్ గాలిని అడ్డంగా పంపుతుంది. ఆ సర్క్యూట్ మీదున్న చిన్న హీట్‌సింక్‌ని మే నెలలో వేలితో ముట్టుకుంటే రెండు సెకన్లు ఉంచలేకపోయాను. ఒక 80 మిల్లీమీటర్ల ఫ్యాన్ తెచ్చి జిప్ టైలతో దాని మీదికి ఊదేలా కట్టాను. నా మెషీన్ పదేళ్ళు ఉండటంలో ఆ ఫ్యాన్‌కి కూడా వాటా ఉందని నమ్ముతాను.

ఇక గడ్డి కూలర్. 2014 వేసవిలో గదిలో ఒకటి పెట్టాను. గది 3 డిగ్రీలు తగ్గింది, ప్రాసెసర్ కూడా అంతే తగ్గింది. కానీ మనది కృష్ణ ఒడ్డు, గాలిలో తేమ ముందే ఎక్కువ. నెలకి హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము తడిసి అట్టలు కట్టింది. పొడి దుమ్మయితే బ్లోయర్‌తో పోతుంది, ఈ తడి దుమ్ముని బ్రష్‌తో గీకాల్సి వచ్చింది. దాన్ని తీసేసి, క్యాబినెట్ ముందు ఒక ఫ్యాన్, వెనక ఒక ఫ్యాన్ పెట్టి, ముందు ఫ్యాన్‌కి నైలాన్ దోమతెర ముక్క బిగించాను. పది రోజులకోసారి ఆ ముక్క ఉతికేవాణ్ణి. మాఘమాసం ముహూర్తాలకి ముందు ఒకసారి, వైశాఖానికి ముందు ఒకసారి బ్లోయర్ పని. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి, వదిలేస్తే అది విపరీతంగా తిరిగి బేరింగ్ పోతుంది. పేస్ట్ రెండేళ్ళకోసారి మార్చాను.

యూపీఎస్ సంగతి కూడా చూసుకోవాలి. 2013లో కోతలు బాగా ఉండేవి. 600 వీఏ యూపీఎస్ మీద 4.5 దగ్గర ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగా కరెంటు పోతే రెండు మానిటర్లతో కలిపి ఓవర్‌లోడ్ అని అరిచి ఆగిపోయేది. 1 కేవీఏకి మారాను.

లిక్విడ్ కూలర్ ఎందుకు తీసుకోలేదని చాలామంది అడిగారు. అది కూడా చివరికి గదిలోని గాలికే వేడిని వదులుతుంది, 38 డిగ్రీల గది దానికీ 38 డిగ్రీలే. పైగా అందులో పంపు ఆగితే నిమిషాల్లో వేడి ఎక్కుతుంది. నా కూలర్‌లో ఫ్యాన్ ఆగినా పక్క డోర్ తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టి పని ముగించగలను. సీజన్లో రాత్రిపూట పనిచేసేవాడికి ఇది చిన్న విషయం కాదు.

2022 చివర్లో మారింది వేగం చాలక కాదు, ఫుటేజ్ మారినందుకు. కెమెరాలు 4కెలో హెచ్.265 (వీడియోని గట్టిగా కుదించే పద్ధతి) ఇస్తుంటే ఆ ఫైళ్ళని తెరవడానికే ఈ ప్రాసెసర్ ఆయాసపడింది. విండోస్ 11 కూడా ఈ తరాన్ని తీసుకోదు. ఇప్పుడు వాడేది రైజెన్ 5 5600. దాన్ని చేత్తో ఓవర్‌క్లాక్ చేయలేదు. ఇప్పటి ప్రాసెసర్లు చల్లదనం ఎంత ఉంటే అంత దాకా వేగాన్ని వాటంతటవే పెంచుకుంటాయి. అందుకని డబ్బులు ఇప్పుడు కూడా మంచి ఎయిర్ కూలర్ మీదే పెట్టాను, మే ఆదివారం పరీక్ష మాత్రం మానలేదు.

పాత మెషీన్ మా అక్కయ్య వాళ్ళబ్బాయికి ఇచ్చాను. చదువుకునే పిల్లాడు, ఏసీ లేని గది. ఇచ్చేముందు మల్టిప్లయర్ 34కి దించి, పేస్ట్ మార్చి, దోమతెర కొత్తది కట్టాను. మొన్న వేసవిలో వెళ్ళినప్పుడు చూస్తే ఫుల్ లోడ్‌లో 60 దాటలేదు. "మావయ్యా, మళ్ళీ 4.2 పెట్టవా?" అని అడిగాడు. వాళ్ళ గదిలో ధర్మామీటర్ తగిలించి వచ్చాను. ఒక నెల రోజులు రాసి పెట్టమన్నాను, ఆ అంకెలు చూశాక పెడతాను.