పదహారేళ్లు వాడిన ఎర్ర కార్బన్ టికెట్: ఆలస్యంగా ఒక సమీక్ష

మార్కెట్లో లేని సరుకుకు సమీక్ష ఏంటని నవ్వుకోకండి. 1992 నుంచి 2008 దాకా మస్కట్ – బొంబాయి – హైదరాబాద్ దారిలో ఏడాదికోసారి వచ్చిపోయినవాణ్ని. ఎక్కిన విమానాల పేర్లు సగం మర్చిపోయాను. చాలా కంపెనీలు ఇప్పుడు లేనే లేవు. గుర్తున్నది చేతిలోని టికెట్ పుస్తకమే. పొడుగ్గా, చెక్కు బుక్కులా ఉండేది. ప్రతి కాగితం వెనకా ఎర్ర కార్బన్ పూత. రెండుసార్లు తెరిచి చూసుకుంటే వేళ్లకు, తెల్లచొక్కా జేబుకు కూడా ఎరుపు అంటేది. వాడినవాళ్లకు ఇంతకంటే వర్ణన అక్కర్లేదు.

దాంట్లో నాకు నచ్చిందల్లా ఒక్కటే: ఎండార్స్‌మెంట్. మిగతావన్నీ తర్వాత.

1994లో అనుకుంటా, మస్కట్ సీబ్ ఎయిర్‌పోర్టులో రాత్రి బొంబాయి విమానం రద్దయింది. రెండు వందల మందిమి గోలగోలగా ఉన్నాం. కౌంటర్లో ఉన్నాయన నా టికెట్ తీసుకుని, పైన ఉన్న చిన్న గడిలో ఏదో రాసి, ముద్ర కొట్టి, సంతకం పెట్టి "ఆ కౌంటర్‌కు వెళ్లండి" అని వేలు చూపించాడు. అది వేరే కంపెనీ కౌంటర్. అక్కడున్న అమ్మాయి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. కూపన్ చింపుకుంది, బోర్డింగ్ కార్డు ఇచ్చింది. ఒక కంపెనీకి కట్టిన డబ్బుతో ఇంకో కంపెనీ విమానంలో ఇంటికొచ్చాను. చెక్కు వెనకాల సంతకం పెట్టి ఇంకొకరికి ఇచ్చినట్టే. లెక్కలు వాళ్లలో వాళ్లు తర్వాత ఐయాటా (విమాన కంపెనీల అంతర్జాతీయ సంఘం) క్లియరింగ్ హౌస్ ద్వారా తేల్చుకునేవారట. మనకు అనవసరం.

ఆ రోజు నుంచి టికెట్ అంటే నాకు డబ్బులాంటిదే అనిపించేది. జేబులో ఉంటే ధైర్యం. ఊరికి వెళ్లగానే బీరువాలో, అవ్వ వెండి పట్టీల పక్కన పెట్టేవాణ్ని. "పైలంగ పెట్టినవా బిడ్డా" అని అవ్వ రోజుకు ఒక్కసారైనా అడిగేది. మా ఊరు జగిత్యాల దగ్గర. ఇంటికి ఒకరన్నా గల్ఫ్‌లో ఉన్న ఊరు కాబట్టి, టికెట్ పోతే ఏమవుతుందో ఆమెకు నాకంటే బాగా తెలుసు.

డబ్బులాంటిది అన్నాను కదా. డబ్బుకున్న తిప్పలే దీనికీ ఉంటాయని తెలిసింది 1996లో.

ఆ ఏడు నా టికెట్లో నాలుగు కూపన్లు. ఒకటి మస్కట్ నుంచి బొంబాయికి, రెండోది బొంబాయి నుంచి హైదరాబాద్‌కు, మూడు నాలుగు తిరుగు ప్రయాణానికి. ఎక్కేచోట ఆ ప్రయాణం కూపన్ చింపుకుంటారు. వరస తప్పితే చెల్లదు. బొంబాయిలో సహార్‌లో దిగి, సామానుతో సాంతాక్రూజ్ దేశీయ టెర్మినల్‌కు చేరేసరికి నాకు కళ్లు మూతలు పడుతున్నాయి. కౌంటర్లో ఉన్నాయన పరిస్థితీ అంతే. కంపెనీ పేరు చెప్పను. ఆయన చింపాడు, నేను కవర్‌లో పెట్టేసుకున్నాను. నలభై రోజులు సెలవు. టికెట్ బీరువాలో భద్రంగా ఉంది.

మధ్యలో రీకన్ఫర్మేషన్ ఒకటుంది. తిరుగు ప్రయాణానికి 72 గంటల ముందే ఫోన్ చేసి "నేను వస్తున్నాను, నా సీటు తీసేయకండి" అని చెప్పాలి. మనమే డబ్బు కట్టి, మనమే బతిమాలాలి. జగిత్యాల వెళ్లి ఎస్టీడీ బూత్‌లో కూర్చుని, మీటరు గిర్రున తిరుగుతుంటే హైదరాబాద్ ఆఫీసుకు మూడుసార్లు ప్రయత్నించాక దొరికింది. పేరు చెప్పాను. "ఓకే సార్, కన్ఫర్మ్" అన్నారు. కంప్యూటర్లో నా పేరు ఉంది. చేతిలోని పుస్తకం తెరిచి చూసుకోవాలని తోచలేదు.

బేగంపేటకు తెల్లవారుజామున చేరాం. సాగనంపడానికి పదమూడు మంది, కిరాయి వ్యాను. గల్ఫ్ ఇళ్లలో ఇది మామూలే. ఒక్కడు విమానం ఎక్కుతాడు, మిగతావాళ్లు బయట కంచె పట్టుకుని నిలబడతారు. నేను లోపలికి పోయి టికెట్ ఇచ్చాను. కౌంటర్లో ఉన్నాయన పుస్తకం తిరగేశాడు, మళ్లీ తిరగేశాడు.

"ఈ సెక్టార్ కూపన్ ఏది?"

చూస్తే రెండో కూపన్, అంటే వచ్చేటప్పుడు చింపాల్సింది, అలాగే ఉంది. హైదరాబాద్ నుంచి బొంబాయికి వెళ్లే మూడోది లేదు. సాంతాక్రూజ్‌లో నిద్రమత్తులో ఒకటి బదులు ఇంకొకటి చింపేశారు.

"కంప్యూటర్లో మీ పేరుంది, సీటుంది. టికెట్ లేదు."

"ఈ పాతది నా దగ్గరే ఉందంటే మీవాళ్లు తప్పు చింపారనే కదా? నేను నడిచి రాలేదు కదా హైదరాబాద్‌కు."

"అది అక్కడే చూసుకోవాల్సింది సార్."

ఆయన తప్పేమీ లేదని ఇప్పుడు ఒప్పుకుంటాను. కూపన్ లేకుండా ఎక్కిస్తే ఆ సీటుకు రావాల్సిన డబ్బుకు ఆయన దగ్గర కాగితం ఉండదు. లెక్క చూసేవాళ్లు ఆయన మెడ పట్టుకుంటారు. ఆ రోజు మాత్రం నోటికొచ్చినట్టు అన్నాను. డ్యూటీ మేనేజర్ వచ్చాడు, మర్యాదగా మాట్లాడాడు, చెప్పింది మాత్రం అదే: కొత్త టికెట్ కొనండి, ఆ పాత కూపన్ దాచుకోండి, రిఫండ్‌కు దరఖాస్తు పెట్టండి. రాత్రికి బొంబాయిలో మస్కట్ విమానం. అది తప్పితే సైట్‌లో నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు.

సెలవు అయిపోయి తిరిగి పోతున్నవాడి జేబులో ఏముంటుంది? ఉన్న రూపాయలన్నీ ఊళ్లో ఇచ్చేసి, బొంబాయిలో ఖర్చులకు కొంచెం ఉంచుకున్నాను, అంతే. గేటు దగ్గర పోలీసును బతిమాలి బయటకొచ్చాను. నా మొహం చూడగానే అవ్వ ఏడుపు మొదలుపెట్టింది, విమానం పడిపోయిందనుకుందో ఏమో. విషయం చెప్పేసరికి నాయిన ఒక్క మాట మాట్లాడకుండా పై కండువా తీసి, చాపినట్టు పట్టుకుని అందరి ముందుకూ పోయాడు. బావ ఇచ్చాడు. చిన్నాయిన ఇచ్చాడు. అవ్వ కొంగు ముడి విప్పింది. అప్పటికీ తక్కువైంది. చివరికి వ్యాను డ్రైవర్ తిరుగు డీజిల్‌కు ఉంచుకున్న డబ్బు తీసి కండువాలో వేశాడు. "ముందు పిలగాడు పోనీ, మనం ఎట్లనన్న పోతం" అన్నాడు. వాళ్లు ఆ సాయంత్రం దాకా మలక్‌పేటలో చుట్టాలింట్లో కూర్చుని, డబ్బు సర్దుకుని ఊరికి పోయారని తర్వాత తెలిసింది.

నోట్లు లెక్కపెడుతూనే నాయిన నా టికెట్ కవర్ తీసుకుని, దాని లోపలి వైపు ఎవరెంత ఇచ్చారో రాశాడు. మహారాజా బొమ్మ ఉన్న కవర్. బొమ్మ మీద మాత్రం రాయలేదు.

విమానం దొరికింది. రిఫండ్ పది నెలలకు వచ్చింది, కొంత కోతతో. ఆ పది నెలల్లో నేను రాసిన ఉత్తరాలతో ఇంకో టికెట్ పుస్తకం అయ్యేది.

ఇంతా జరిగాక కూడా నేను ఎండార్స్‌మెంట్‌ను పొగుడుతూనే తిరిగాను. మస్కట్ రూవీలో మా గదిలో ఎవరు టికెట్ కొన్నా ఆ 1994 కథ చెప్పేవాణ్ని. దానికి ఒక సవరణ ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటిదాకా నాకు టికెట్ కొనిచ్చింది నేను పనిచేసే కంపెనీ. 2001లో దాన్ని వదిలి చిన్న కాంట్రాక్టరు దగ్గర చేరాను, టికెట్ నా సొంత డబ్బుతోనే. ఏజెంటు దగ్గర అన్నిటికంటే చవకది కొన్నాను. నాకిష్టమైన ఆ చిన్న గడిలో ముందే అచ్చేసి ఉంది: నాన్ ఎండార్సబుల్, నాన్ రిఫండబుల్. అంటే ఇన్నాళ్లూ నేను మెచ్చుకున్న సౌకర్యం కాగితంలో లేదు, పూర్తి చార్జీ కట్టిన మా పాత కంపెనీ జేబులో ఉంది. ఇంకోటి కూడా. విమానాలు ప్రభుత్వ కంపెనీలే నడపాలన్న పాత చట్టం 1994లో రద్దయ్యేదాకా దేశం లోపల చాలా దారుల్లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఒక్కటే దిక్కు. ఎండార్స్ చేసినా ఎవరికి చేస్తారు? 1992, 93ల్లోనే ఈస్ట్ వెస్ట్, దమానియా, మోదీలుఫ్ట్ అని కొత్త పేర్లు వచ్చాయి గానీ, ఏదీ పదేళ్లు నిలవలేదు.

మా ఊరి కూలీలకైతే ఈ ముచ్చటే లేదు. వాళ్ల టికెట్, పాస్‌పోర్టు కంపెనీ బీరువాలోనే ఉండేవి. బయల్దేరే రోజే చేతికి వచ్చేవి. మా పక్క ఊరి ఒకాయనకు ఏజెంటు ఇచ్చిన టికెట్‌లో 'ఓకే' ఉండాల్సిన చోట 'ఆర్‌క్యూ' ఉంది. సీటు అడిగాం, ఇంకా రాలేదు అని దానర్థం. ఆయనకు ఇంగ్లిష్ రాదు. బేగంపేట దాకా వచ్చి, రెండు అక్షరాల తేడాకు తిరిగి బస్సెక్కాడు. కాగితం మీద కనిపించేది నిజమే అన్న నమ్మకం చదువుకున్నవాడికే.

తర్వాత అంతా గబగబా అయిపోయింది. 2008 మార్చి 23న శంషాబాద్ మొదలై, మామూలు ప్రయాణికులకు బేగంపేట మూతపడింది. అదే ఏడు జూన్ 1 నుంచి ఐయాటా కంపెనీలన్నీ ఈ-టికెట్‌కు మారాయి. ఒక్కో పేపర్ టికెట్‌కు పది డాలర్ల ఖర్చయితే ఈ-టికెట్‌కు ఒక్కటే అని వాళ్లు చెప్పిన లెక్క. నాకు అందులో వాటా ఏమీ రాలేదు గానీ, కాదనను. ఈ-టికెట్‌లో తప్పు కూపన్ చింపే పని లేదు, నా 1996 తెల్లవారుజాము మళ్లీ రాదు. ఎస్టీడీ బూత్ కూడా లేదు. అయితే విమానం రద్దయినప్పుడు ఫోన్ పట్టుకుని "మీ కాల్ మాకు ముఖ్యం" అనే పాట వింటుంటే మాత్రం, ఆ చిన్న గడి, ఆ ముద్ర గుర్తొస్తాయి.

ఏది మేలని అడిగితే, చార్జీ ఎవరు కడుతున్నారని ముందు అడుగుతాను. మా పాత కంపెనీ కడితే ఎర్ర కార్బన్ పుస్తకమే కావాలి. నా జేబులోంచైతే ఫోన్లో వచ్చేదే చాలు. మీకు ఊళ్లో బీరువా, అడిగే అవ్వ, కంచె బయట పదమూడు మంది లేకపోతే నా లెక్క మీకు సరిపోకపోవచ్చు.

నాయిన రాసిన కవర్ ఇంకా ఉంది. అందరి బాకీలూ తీర్చాను, డ్రైవర్‌కు అందరికంటే ముందు. చివరి వరసలో మాత్రం "ఎర్ర షర్టు ఆయన – 100" అని ఉంది. ఆయన మా వ్యానులో వచ్చినవాడు కాదు. ఎవరో నాయిన కూడా అడగలేదు.