బాలానగర్‌లో లేజర్ కటింగ్, బెండింగ్ జాబ్ వర్క్: ఏ మందం వరకు, ఏ పనికి

బోరు మోటార్ల స్టార్టర్ ప్యానెళ్లకు కావలసిన పెట్టెలను నేను ఆరేళ్లుగా బయట జాబ్ వర్క్‌కు ఇచ్చి చేయించుకుంటున్నాను. ఈసారి 40 పెట్టెల ఆర్డరు ఒక్కసారిగా రావడం, అలవాటైన ఫ్యాబ్రికేటరు చేతినిండా పని పెట్టుకుని ఉండడంతో, తెలిసినవారు చెప్పగా హైదరాబాదు బాలానగర్‌లోని ఒక వర్క్‌షాపుకు వెళ్లాను. మెచ్చుకోలుతో పాటు ఒక ఫిర్యాదు కూడా రాయవలసి ఉన్నందువల్ల దాని పేరు ఇవ్వడం లేదు. 2 కిలోవాట్ల ఫైబర్ లేజరు, 3 మీటర్ల పొడవున్న 100 టన్నుల ప్రెస్ బ్రేక్ (షీటును వంచే మిషను), మిగ్, టిగ్ వెల్డింగు ఉన్న మధ్యస్థాయి షెడ్డు అది. ఇటువంటివి ఆ పారిశ్రామికవాడలో అడుగడుగునా కనిపిస్తాయి.

దీన్ని మిగిలినవాటి నుంచి వేరు చేసేది గుమ్మం పక్కన గోడకు బిగించిన ఒక తెల్లని బోర్డు. లేజరు మీద ఎమ్మెస్ (మామూలు ఉక్కు) 12 మిల్లీమీటర్ల వరకు, ఎస్సెస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) 6 వరకు, అల్యూమినియం 5 వరకు కోస్తామని దాని మీద రాసి ఉంది. దాని కిందనే బెండింగు లెక్క: ఎమ్మెస్ 3 మి.మీ. అయితే పూర్తి 3 మీటర్లు, 4 మి.మీ. అయితే రెండున్నర మీటర్లు, 6 మి.మీ. అయితే ఒకటిన్నర మీటరు, ఎస్సెస్ 3 మి.మీ. అయితే 2 మీటర్లు. అన్నిటికంటే కింద ఎర్ర అక్షరాలతో, 0.8 మి.మీ. కన్నా పలచని షీటుకు వెల్డింగు పని తీసుకోమని ఉంది. 2 కిలోవాట్ల లేజరు 16 మి.మీ. ఎమ్మెస్‌ను కూడా కోస్తుందని అమ్మేవాళ్ల కాగితాల్లో ఉంటుంది కదా అని యజమానిని అడిగితే, "తెగడం వేరు, తెగిన అంచు మీ పనికి పనికిరావడం వేరండీ" అని, మూలన ఉన్న తుక్కులోంచి 16 మి.మీ. ముక్క ఒకటి తీసి చూపించారు. పై సగం నున్నగానే ఉంది కానీ, కింది సగంలో నిలువు గాట్లు పడి, అడుగున కరిగిన లోహం చిటికెన వేలి గోరంత బొట్లుగా గడ్డకట్టి ఉంది. గ్రైండింగుకయ్యే కూలి లెక్క వేసుకుంటే అటువంటి ముక్కను గ్యాస్ కటింగుకో ప్లాస్మాకో ఇచ్చుకోవడమే నయం.

నా పనిలో కోతకు సంబంధించి చిక్కేమీ రాలేదు. పెట్టె ఒళ్లు 1.6 మి.మీ., మౌంటింగ్ ప్లేటు 2 మి.మీ., కేబుళ్లు దూరే గ్లాండ్ ప్లేటు 3 మి.మీ.; ఇవన్నీ లేజరుకు తేలిక పనులే. చిక్కంతా గోడకు బిగించే పట్టీల దగ్గర వచ్చింది. నా డ్రాయింగులో వాటి మందం 6 మి.మీ., వంచవలసిన అంచు 25 మి.మీ. పాత చోట ఎన్నడూ ఎవరూ అడ్డుచెప్పలేదు గనుక ఆ కొలతల్లో తప్పుంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. ఇక్కడ మాత్రం డ్రాయింగు చూసిన వెంటనే కుదరదన్నారు. ఎందుకని అడిగితే, ఆపరేటరు నన్ను మిషను దగ్గరకు తీసుకెళ్లి, 48 మి.మీ. నోరున్న వి-డై (వి ఆకారపు గాడి ఉన్న కింది దిమ్మె) మీద 25 మి.మీ. దగ్గర గీత గీసిన 6 మి.మీ. ముక్కను పెట్టి, పంచ్‌ను (పై నుంచి నొక్కే పనిముట్టును) మెల్లగా దించాడు. పంచ్ మొన గీతకు తగిలి షీటు వంగడం మొదలుపెట్టగానే, పొట్టిగా ఉన్న వైపు అంచు డై భుజం మీది నుంచి తప్పి గాడిలోకి జారింది. "సార్, ఇది రెండు దిక్కులా ఆనాలె, ఆనకపోతే లోపలికి పడిపోతది" అన్నాడు.

పంచ్, డై పట్టుకుని పనిచేసేవారికి ఇది ఓనమాల వంటి విషయమే అయినా, డ్రాయింగులు గీసే నాబోటివాళ్లు చాలామంది దీన్ని పట్టించుకోరు. సాధారణంగా డై నోరు షీటు మందానికి 8 రెట్లు ఉండాలి. వంపు పూర్తయ్యేదాకా షీటు రెండు భుజాల మీదా ఆని ఉండాలంటే, అంచు ఆ నోటిలో సుమారు పదింట ఏడు వంతులకు తగ్గకూడదు. 1.6 మి.మీ. షీటుకు 12 మి.మీ. డై వాడతారు కాబట్టి 9 మి.మీ. అంచు కూడా వంగుతుంది. 6 మి.మీ.కు వచ్చేసరికి 34 మి.మీ. ఉంటే తప్ప వంగదు. మరి పాత చోట ఎలా వంచారన్న సందేహం వచ్చి, ఇంటికి వచ్చాక మిగిలి ఉన్న పట్టీ ఒకదాని మీది రంగు గీకి చూశాను. వంపు బయటివైపు పొడవునా వెంట్రుకంత సన్నని పగుళ్లున్నాయి. 32 మి.మీ. వంటి చిన్న డై మీద బలవంతంగా వంచితే లోపలి వంపు మరీ బిగుతై బయటి పొర సాగలేక చిట్లవచ్చు. పైగా మిషను మీద పడే ఒత్తిడి కూడా ఒకటిన్నర రెట్లవుతుంది. రెండేళ్లపాటు ఆ పగుళ్ల మీదే పౌడర్ కోటింగు (పొడి రంగు చల్లి కాల్చే పూత) వేయించి రైతుల పొలాల్లో బిగించానన్నమాట. ఇక్కడివాళ్లు రెండు దారులు చూపారు: 6 మి.మీ.లోనే అంచును 35కు పెంచడం, లేదా మందాన్ని 4 మి.మీ.కు దించి 25 మి.మీ. అంచును అలాగే ఉంచడం. లోపలి సామానుతో కలిపి పెట్టె 30 కిలోలు దాటదు గనుక రెండోదే ఎంచుకున్నాను.

బోర్డు మీది పొడవుల లెక్కను కూడా తిరిగి కట్టి చూశాను. 8 రెట్ల డై మీద మామూలు ఎమ్మెస్‌కు మీటరుకు పట్టే బలం 3 మి.మీ.కు సుమారు 24 టన్నులు, 4 మి.మీ.కు 33, 6 మి.మీ.కు 49. ఎస్సెస్‌కు దాదాపు ఒకటిన్నర రెట్లు వేసుకోవాలి. అంటే 4 మి.మీ. ఎమ్మెస్‌ను 3 మీటర్ల పొడవున వంచితే 99 టన్నులు, 100 టన్నుల మిషను కొసకు వచ్చేసినట్టే. రెండున్నర మీటర్లకే ఆగుతామనడం వాళ్ల మిషను మీద వాళ్లకున్న శ్రద్ధ కావచ్చు కానీ, నాకూ అందులో లాభముంది. కొసకు నెట్టి వంచితే మిషను బీము (పంచ్‌ను దించే పై దూలం) మధ్యలో కాస్త విల్లుగా వంగి, రెండు చివర్లలో 90 డిగ్రీలు, నడుమ 91 వచ్చే తలుపులు తయారవుతాయి. అటువంటి తలుపుకు రబ్బరు గాస్కెట్ ఎంత మంచిది వేసినా వాన నీళ్లు ఆగవు.

గేజ్ (షీటు మందాన్ని చెప్పే నంబరు) విషయంలో వీళ్ల పట్టుదల మొదట చాదస్తమనిపించింది. "16 గేజ్" అని రాసిన డ్రాయింగును తీసుకోరు, మిల్లీమీటర్లలోనే రాసి ఇవ్వాలంటారు. ఆలోచిస్తే వాళ్లదే న్యాయం. మన దగ్గర వాడుకలో ఉన్న బ్రిటిష్ గేజ్‌లో 16 అంటే 1.626 మి.మీ.; అమెరికా ఉక్కు షీటు గేజ్‌లో అదే 16 అంటే 1.519. ఇక బజార్లో "16 గేజ్" పేరుతో చేతికొచ్చేది ఇంకా పలచగా కూడా ఉండవచ్చు. విశాఖ ఉక్కు కర్మాగారం కడ్డీలు, వైర్ రాడ్ల వంటి పొడవు సరుకే తయారు చేస్తుంది కనుక, మనం వాడే షీటు బళ్లారి దగ్గరి తోరణగల్లు వంటి చోట్ల నుంచి కాయిల్స్‌గా వచ్చి, ఎన్నో చేతులు మారి మనకు చేరుతుంది. నేను తీసుకెళ్లిన షీట్లను వాళ్లు నా ముందే నాలుగు మూలలా మైక్రోమీటరుతో కొలిచారు. ఒక షీటు 1.58 వస్తే, మరొకటి 1.46 వచ్చింది. షీటు వంగకుండా నిలిచే బిగువు మందం ఘనాన్ని (మందం × మందం × మందం) బట్టి మారుతుంది కాబట్టి 1.6కు బదులు 1.46 వాడితే తలుపు పావు వంతు బిగువు కోల్పోతుంది; వేలితో నొక్కితే లొట్టపోయి మళ్లీ పైకి లేస్తుంది. మైక్రోమీటరు లేనివారికి తూకమే దిక్కు: 8 అడుగులకు 4 అడుగుల 1.6 మి.మీ. ఎమ్మెస్ షీటు 37 కిలోలకు కాస్త పైన తూగాలి. నా రెండో షీటు 34 తూగింది. షీటు లెక్కన డబ్బు కట్టినవాడిని నేనే.

పలచని వైపు హద్దు గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. 0.8 కన్నా తక్కువైతే మిగ్‌తో చిల్లులు పడతాయి, టిగ్‌తో వేడికి అలలు తిరుగుతుంది.

ఇక ఫిర్యాదు. లేజరు కోసేటప్పుడు కరిగిన లోహాన్ని ఊదేయడానికి ఒక గ్యాస్ వాడతారు; 3 మి.మీ. గ్లాండ్ ప్లేట్లను ఆక్సిజన్‌తో కోశారు. ఆక్సిజన్ కోత చౌకే. కానీ అంచు వెంబడి నల్లని ఆక్సైడ్ పొర మిగులుతుంది. దాన్ని రుద్దో, ఆమ్లంలో ముంచో తీసేయకుండా పౌడర్ కోటింగు వేస్తే, రంగు ఆ పొరను పట్టుకుంటుందే తప్ప ఉక్కును పట్టుకోదు. 40 పెట్టెల్లో 11 పెట్టెల గ్లాండ్ ప్లేట్ల అంచుల నుంచి మూడు నెలలకే రంగు పెచ్చులుగా ఊడింది. నైట్రోజన్‌తో కోసిన 1.6 మి.మీ. భాగాల్లో ఒక్కటీ ఊడలేదు గనుక కారణం వెతుక్కోవలసిన పని లేకపోయింది. మందానికి ఇంత వివరంగా బోర్డు పెట్టినవాళ్లు, ఏ మందాన్ని ఏ గ్యాస్‌తో కోస్తారో అందులో రాయలేదు. అడిగినప్పుడు యజమాని వాదనకు దిగకుండా, ఆ ప్లేట్లను వెనక్కి తీసుకుని, అంచులు గ్రైండింగు చేయించి మళ్లీ రంగు వేయించి ఇచ్చారు. రానుపోను రవాణా ఖర్చు మాత్రం నా మీదే పడింది.

చెప్పిన గడువుకు రెండు రోజులు ఆలస్యమైంది. కోతకు మీటరు లెక్క, వంపుకు స్ట్రోకు లెక్క కట్టి బిల్లు వేస్తారు. రేటు పాత చోటికన్నా కాస్త ఎక్కువే. వచ్చే నెల ఆర్డరును కూడా ఇక్కడికే ఇస్తున్నాను. గ్లాండ్ ప్లేటు వరుసలో "3 మి.మీ., నైట్రోజన్ కోత" అని, పట్టీల వరుసలో "4 మి.మీ., అంచు 25" అని ఈసారి నా చేత్తోనే రాశాను.