పల్సర్ 150కి చెయిన్ తీసి బెల్టు వేయించాను: 61,000 కిలోమీటర్ల తర్వాత

2012లో కొన్న నా పల్సర్ 150కి 2021 మార్చిలో చెయిన్ తీయించి పళ్ళ బెల్టు వేయించాను. ఆ తర్వాత దాని మీద 61,000 కిలోమీటర్లు తిరిగాను. పటమటలో ఇల్లు, గుడివాడలో ఉద్యోగం కావడం వల్ల కంకిపాడు మీదుగా రోజుకు రానూపోనూ 80 కిలోమీటర్లకు పైగా బండి నడపక తప్పదు. ఎండలోనూ వానలోనూ ఇంత దూరం నడిపాక, ఈ మార్పు ఎవరికి పనికొస్తుందో, ఎవరికి పనికిరాదో చెప్పగలననిపించి రాస్తున్నాను.

చెయిన్‌తో నాకున్న ఇబ్బంది ఖర్చు కాదు. ప్రతి 500 కిలోమీటర్లకు, అంటే నా తిరుగుడుకు వారానికొకసారి, దాన్ని తుడిచి నూనె పట్టించాలి. వానాకాలంలో కాలువగట్టు దారిలోని నల్లరేగడి బురద ఆ నూనెకు అతుక్కుని, రెండో రోజుకే లోహాన్ని అరగదీసే ముద్దగా మారుతుంది. పైగా చెయిన్ ఉండేది, సారీ గార్డు ఉండేది ఒకే వైపు. పక్కకు తిరిగి కూర్చునే అమ్మ చీర కుచ్చిళ్ళకు, వెనక కూర్చునే నాన్నగారి తెల్ల పంచె అంచుకు నల్లటి మరక పడని నెల లేదు. ఉతికినా పోని ఆ మరకలు చూసి చూసి, పక్కింటివారి ఏథర్ స్కూటరుకున్న బెల్టు నూనె చుక్క అక్కరలేకుండా నడవడం గమనించాక, మోటారు సైకిలుకు మాత్రం ఎందుకు కుదరదన్న ఆలోచన మొదలైంది. నిజానికి ఇది కొత్త సంగతేమీ కాదు. హార్లే-డేవిడ్‌సన్ 1980లోనే స్టర్జిస్ మోడల్‌కు బెల్టు పెట్టింది, బీఎండబ్ల్యూ తన ఎఫ్ 800 బళ్ళలో కొన్నింటికి వాడింది.

చెయిన్‌ను లింకు దగ్గర విడదీయవచ్చు. బెల్టుకు అతుకు ఉండదు కాబట్టి, వెనక చక్రంతో పాటు, ఆ చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ బోల్టు కూడా లాగి, ఆర్మ్‌ను పక్కకు తప్పించి బెల్టును లోపలికి దూర్చాలి. విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేతు షాపువారు ముందుకు 28 పళ్ళ పుల్లీ, వెనక్కు 82 పళ్ళ పుల్లీ కోసి ఇచ్చారు. చెయిన్ మీద ఉన్న గేరు నిష్పత్తికి ఇది చాలా దగ్గర. ముందు పుల్లీ పాత స్ప్రాకెట్ (చెయిన్ తిరిగే పళ్ళ చక్రం) కంటే పెద్దది కావడంతో దాని మీది మూతను లోపలివైపు కొంత కోయించాల్సి వచ్చింది. వెనక హబ్బులో కుదుపును మింగే రబ్బరు బుష్షులను అలాగే ఉంచేశాము. బెల్టు ఉన్నా అవి ఉండి తీరాలి.

మొదట్లో నేను చేసిన పెద్ద తప్పు బెల్టు ఎంపికలోనే జరిగింది. యంత్రాలకు వాడే మామూలు రబ్బరు టైమింగ్ బెల్టు చవకగా దొరికిందని అదే వేయించాను. ఇంజను ఇచ్చే తిప్పుడు బలం (టార్క్) సుమారు 13 న్యూటన్ మీటర్లే కదా అనుకున్నాను కానీ, మొదటి గేరులో అది ముందు పుల్లీకి చేరేసరికి దాదాపు పది రెట్లవుతుంది. 71 మిల్లీమీటర్ల వ్యాసమున్న పుల్లీ మీద ఆ బలం బెల్టును మూడు వందల కిలోలకు పైగా లాగుతుంది. మూడో వారంలో నాన్నగారిని ఎక్కించుకుని కనకదుర్గ ఫ్లైఓవర్ మొదట్లో ఆగి, మళ్ళీ క్లచ్ వదిలేసరికి, టకటకమని నాలుగైదు సార్లు చప్పుడు చేసి బెల్టు పళ్ళు దాటేసింది. వెనక లారీ లేకపోవడం మా అదృష్టం. ఇంటికి తెచ్చి విప్పి చూస్తే, వరుసగా పదకొండు పళ్ళు మొదట్లో చీలి, గోటితో లాగితే ఊడి వస్తున్నాయి.

ఆ తర్వాత గేట్స్ కంపెనీవారి కార్బన్ తీగల పాలీ చెయిన్ బెల్టు తెప్పించుకున్నాను. పిచ్ (పన్నుకు పన్నుకు మధ్య దూరం) 8 మిల్లీమీటర్లు, వెడల్పు 21 మిల్లీమీటర్లు, పొడవు 1600 మిల్లీమీటర్లు, అంటే 200 పళ్ళు. దీని పళ్ళ ఆకారం వేరు కాబట్టి పుల్లీలు కూడా మళ్ళీ కోయించాల్సి వచ్చింది, మొదటి ఖర్చంతా వృథా అయింది. కానీ ఈ బెల్టు వేసిన నాటి నుంచి నేటి వరకు ఒక్కసారి కూడా పన్ను దాటలేదు.

బెల్టు మంచిదైనా బిగింపు కుదరకపోతే అది నిలవదు. స్వింగ్ ఆర్మ్ తిరిగే కేంద్రం, ముందు పుల్లీ కేంద్రం ఒకచోట ఉండవు. అందువల్ల గుంతలో పడి వెనక చక్రం పైకి లేచినప్పుడల్లా రెండు పుల్లీల మధ్య దూరం కాస్త మారుతుంది. చెయిన్ తనకున్న వదులుతో ఆ తేడాను సర్దుకుంటుంది, సాగని కార్బన్ బెల్టు సర్దుకోలేదు. పుల్లీలు రెండూ, ఆర్మ్ బోల్టూ ఒకే గీతలోకి వచ్చినప్పుడు బెల్టు అన్నిటికంటే బిగుతుగా ఉంటుంది. కాబట్టి బండి ఖాళీగా స్టాండు మీద ఉన్నప్పుడు కాక, ఇద్దరిని కూర్చోబెట్టి, బండిని ఆ స్థితికి తెచ్చి బిగించాలి. ఈ సంగతి తెలియక మొదటి ఏడాది స్టాండు మీదే గట్టిగా బిగించాను. 14,000 కిలోమీటర్ల దగ్గర గేరుబాక్సు బయటి షాఫ్టు ఆయిల్ సీలు కారడం మొదలైంది, విప్పితే బేరింగు కూడా వదులైపోయి ఉంది. ఇప్పుడు చేపలు తూచే కాటా కొక్కేన్ని బెల్టు కింది వరుస మధ్యలో తగిలించి, నాలుగున్నర కిలోల బలంతో లాగి, ఎంత వంగిందో స్కేలుతో కొలిచి పుస్తకంలో రాసుకుంటున్నాను. నెలకొకసారి పది నిమిషాల పని. పుల్లీల వరుస ఒక మిల్లీమీటరు తప్పినా బెల్టు అంచు ఒక పక్కకు ఒరిగి నూగులా రేగుతుంది, దాన్ని కూడా చేత్తో తడిమి చూసుకుంటాను.

దారిలో బెల్టుకు అసలు శత్రువు కంకర రాయి. బెల్టుకు, పుల్లీకి మధ్య చిక్కిన చిన్న రాయి లోపలి తీగలను తెంపగలదు. అందుకని వెనక పుల్లీ కింద, ముందువైపు అల్యూమినియం రేకుతో కవచం చేయించాను. కోతల కాలంలో రోడ్డు మీద పరిచిన వరిగడ్డి మీదుగా వెళ్ళిన ప్రతిసారీ ఆగి, పుల్లీ చుట్టూ చేరిన పోచలు తీసేస్తాను. బురదను మాత్రం నీళ్ళతో కడిగితే చాలు. మొదట అల్యూమినియంతో చేయించిన ముందు పుల్లీ పళ్ళు 31,000 కిలోమీటర్లకే అరిగి కొసదేలాయి. ఇప్పుడున్నది ఈఎన్8 ఉక్కుది, దాని మీద ఇప్పటికీ చెప్పుకోదగ్గ అరుగుదల లేదు.

నడపడంలో తేడా మొదటి రోజే తెలుస్తుంది. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో రెండో గేరులో యాక్సిలరేటర్ వదిలి పట్టుకున్నప్పుడు చెయిన్ ఇచ్చే కుదుపు లేదు, గలగల లేదు. ఎండాకాలం దుమ్ములో అప్పుడప్పుడు కీచుమంటుంది, గ్లాసుడు నీళ్ళు పోస్తే ఆగిపోతుంది. మైలేజీలో మాత్రం నాకు ఏ తేడా కనబడలేదు. పెరుగుతుందని చెప్పేవారి మాట నేను నమ్మను.

డబ్బు మిగులుతుందన్న మాట కూడా నిజం కాదు. వృథా అయిన మొదటి ప్రయత్నాన్ని పక్కన పెట్టినా, బెల్టుకు, పుల్లీలకు, లేతు పనికి కలిపి నాకు 23,000 రూపాయలు దాటింది. ఇదే దూరానికి మూడు చెయిన్ సెట్లు మార్చినా, నూనెతో కలిపి అందులో సగం కూడా అయ్యేది కాదు. బెల్టు దారిలో తెగితే పల్లెటూరి మెకానిక్ దగ్గర మందు లేదు, బండిని ఆటో ట్రాలీ ఎక్కించాల్సిందే. వారంటీలో ఉన్న బండికి ఈ పని చేయించవద్దని గట్టిగా చెబుతాను. పాత బండికైనా 1988 మోటారు వాహనాల చట్టంలో బండికి చేసే మార్పుల గురించిన 52వ సెక్షన్ చదువుకుని, రవాణా శాఖ కార్యాలయంలోనూ బీమా సంస్థలోనూ ముందే అడిగి మొదలుపెట్టాలి. ఎక్కువగా మట్టిరోడ్ల మీద, క్వారీల వైపు తిరిగేవారికి చెయిన్ నయం. తారురోడ్డు మీద రోజూ దూరం వెళ్ళేవారు, నెలకొకసారి కొలత తీసుకునే ఓపిక ఉన్నవారు నిశ్చింతగా వేయించుకోవచ్చు.

నా బెల్టుకు ఇప్పుడు పళ్ళ మొదళ్ళలో సన్నని నూగు కనబడుతోంది, పగుళ్ళు మాత్రం లేవు. అయినా రెండోది కొని పెట్టుకున్నాను. దాన్ని మడవకుండా, చిన్న చుట్టగా చుట్టకుండా, గోడకు వెడల్పాటి కొయ్య మేకు మీద వేలాడదీశాను. ఒక్కసారి గట్టిగా మడిచినా లోపలి కార్బన్ తీగలు విరుగుతాయి, అవి విరిగిన సంగతి పైకి కనబడదు. వచ్చే వానలకు ముందు స్వింగ్ ఆర్మ్ బుష్షులు ఎలాగూ మార్చాలి, ఆర్మ్ విప్పిన ఆ రోజే ఈ బెల్టు కూడా ఎక్కిస్తాను.