మా ఆర్డీఎస్ మిషన్: పదమూడేళ్లు వాడాక రాస్తున్న రివ్యూ

కంపెనీ పేరు రాయట్లేదు. కింద సర్వీసు గురించి కొంచెం తిట్టబోతున్నాను కాబట్టి. ఈ ఫీల్డులో ఉన్నవాళ్లకి రెస్పిరబుల్ డస్ట్ శాంప్లర్ అంటే కొత్తగా చెప్పేదేం లేదు. తెలియని వాళ్లకి: నడుమెత్తు రేకు డబ్బా, పైన గుడిసె కప్పులాంటి మూత. లోపల బ్లోయరు తిరుగుతూ గాలిని లాగుతుంది. ఆ గాలి సైక్లోన్ అనే గొట్టంలో సుడి తిరుగుతుంది. 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే పెద్ద దుమ్ము కిందున్న గిన్నెలో పడిపోతుంది, సన్నది ఫిల్టర్ పేపరుకి అంటుకుంటుంది. పేపర్ని ముందొకసారి, తర్వాతొకసారి తూస్తాం. పెరిగిన బరువుని లాగిన గాలితో భాగిస్తే పీఎం10, అంటే గాలిలో ఆ సన్న దుమ్ము ఎంతుందో, వచ్చేస్తుంది. మేం ఆర్డీఎస్ అంటాం. మా కుర్రాళ్లు "పెద్దాయన" అంటారు, ఎప్పుడూ గుర్రుమంటూనే ఉంటాడని.

మూసాపేటలో మాది చిన్న ఎన్విరాన్‌మెంటల్ కన్సల్టెన్సీ. ఇప్పుడు 23 మందిమి. 2012లో మొదలుపెట్టినప్పుడు నేను, ఒక కెమిస్టు, ఈ మిషన్లు రెండు. మూసేస్తున్న ఒక ల్యాబు దగ్గర సెకండ్ హ్యాండులో ఒక్కోటి 38 వేలకి కొన్నాను. మా ఆయన ఆ డబ్బుతో స్కూటీ కొనుక్కోమన్నాడు. స్కూటీ మీద ఈ మిషన్ ఎక్కదు అన్నాను.

అసలు ఈ మిషన్‌లో నాకు నచ్చిన భాగం గురించి చెప్పాలంటే ఇంకాస్త వెనక్కి వెళ్లాలి. 2006 సెప్టెంబరులో ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ వచ్చింది. అదే ఏడు నేను ఏయూలో ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ ఎమ్మెస్సీ ముగించి హైదరాబాదు బస్సెక్కాను. సిమెంటు ఫ్యాక్టరీ అయినా, మైనింగ్ అయినా, బల్క్ డ్రగ్ యూనిట్ అయినా అనుమతికి ముందు పర్యావరణ ప్రభావం మీద రిపోర్టు ఇవ్వాలి. పని ఎక్కువ, మనుషులు తక్కువ. ఒక కన్సల్టెన్సీలో 6,500 జీతానికి ట్రైనీగా చేరాను. ఆ ఆఫీసు పేరు కూడా రాయను.

అక్కడ రెండేళ్లకి నా చేతికి ఒక లైమ్‌స్టోన్ గని రిపోర్టు వచ్చింది, టేబుల్స్ సరిచూడమని. గని చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో ఎనిమిది చోట్ల గాలి కొలిచామని ఉంది. ఒక్కోచోట వారానికి రెండు రోజులు, రోజుకి 24 గంటలు, 12 వారాలు. అందరూ చేసే లెక్కే. ఎనిమిది రెళ్లు పదహారు. అంటే వారానికి 16 మిషన్ రోజులు కావాలి. ఆఫీసులో ఉన్న మిషన్లు రెండు. రెండు మిషన్లు ఆదివారం కూడా ఆపకుండా తిరిగినా వారానికి 14 రోజులే. అందులో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మోసుకెళ్లే టైము ఎక్కడ?

స్టోర్ రూములోకి వెళ్లి మిషన్ తలుపు తీశాను. పక్కన చిన్న అద్దం వెనక అవర్ మీటర్ ఉంటుంది, మన పాత స్కూటర్ల కిలోమీటర్ల మీటర్ లాంటిది. బ్లోయరు తిరిగితేనే అంకె కదులుతుంది. ఆ రిపోర్టు నిజమైతే 4,608 గంటలు తిరిగి ఉండాలి. రెండు మీటర్లూ కలిపి ఆ సీజన్లో కదిలింది 300 గంటలు కూడా లేదు. మిగతాదంతా కంప్యూటర్లో పుట్టిన గాలే.

మా సార్‌కి చెప్తే ఆయన కోప్పడలేదు, అదే నాకు ఎక్కువ భయం వేసింది. "అమ్మా, ఆ పల్లెల్లో గాలికి ఏమవుతుంది, రెండుచోట్ల తీసింది చాలదా" అన్నారు. నేను నోరు మూసుకున్నాను. ఇంకా నాలుగేళ్లు అక్కడే చేశాను కూడా, ఇంటి లోను ఉంది మరి. ధైర్యంగా రాజీనామా పడేసి వచ్చేశానని చెప్పుకోవడం నాకు రాదు.

అందుకే ఈ మిషన్‌కి నేనిచ్చే మార్కుల్లో సగం ఆ అవర్ మీటర్‌కే. మా ఆఫీసులో మొదటి రోజు నుంచీ ఒకటే పద్ధతి. ఆన్ చేసేముందు మీటర్ ఫోటో, ఆపాక మీటర్ ఫోటో. అప్పట్లో ప్రింటు తీసి లాగ్‌బుక్కులో అంటించేవాళ్లం, ఇప్పుడు వాట్సాప్ గ్రూపు. గుడ్ మార్నింగ్ మెసేజీలకంటే మీటర్ ఫోటోలే ఎక్కువ ఆ గ్రూపులో.

పనితనం గురించి. నిమిషానికి 1.1 ఘనపు మీటర్లు అనుకుంటే 24 గంటల్లో దాదాపు 1,580 ఘనపు మీటర్ల గాలి లాగుతుంది. మన దేశపు పీఎం10 ప్రమాణం 24 గంటల సగటున ఘనపు మీటరుకి 100 మైక్రోగ్రాములు. సరిగ్గా ఆ హద్దు దగ్గరున్న గాలి అయితే రోజు మొత్తానికి పేపర్ల మీద చేరే దుమ్ము 0.16 గ్రాములు, చిటికెడు ఉప్పు కంటే తక్కువ. మేం ఎనిమిది గంటలకో పేపరు మారుస్తాం కాబట్టి ఒక్కో దాని మీద 50 మిల్లీగ్రాములు. ఇంత చిన్న తేడా తూయాలి కాబట్టి పేపర్ని వేలితో ముట్టుకోకూడదు. కొత్తలో మా కుర్రాడొకడు పేపర్ని ఫ్రేములో మరీ బిగించేశాడు. తీసేటప్పుడు అంచు రబ్బరుకి అంటుకుని చిరిగింది. ల్యాబులో తూస్తే మొదటికంటే తక్కువొచ్చింది. "మేడం, ఈ ఊళ్లో దుమ్ము మైనస్" అన్నాడు పాపం, సీరియస్‌గానే. ఆ రోజు డేటా పోయింది, మళ్లీ వెళ్లి తీశాం. బిగించే నట్లు వేలి బలంతోనే తిప్పాలి, కటింగ్ ప్లయర్ వాడకూడదు. ఈ సంగతి మాన్యువల్లో లేదు.

పేపర్ రంగు చూసి ఊరు చెప్పేయొచ్చు. తాండూరు నాపరాళ్ల దుమ్ము బూడిద తెలుపు. హైవే పక్కనైతే నల్లటి మసి. ఒకసారి జనవరిలో భోగి రోజే శాంప్లింగ్ పడింది. తెల్లవారుజామున వీధివీధికీ మంటలు, పాత తట్టలు, టైర్లు కూడా వేశారెవరో. ఆ పేపరు అట్లకాడ తుడిచిన గుడ్డలా అయింది. రీడింగ్ 100 దాటేసింది. "ఈ రోజుది తీసేద్దామా మేడం?" అని ఫోను. ఉంచాం. పక్కన భోగి అని రాశాం. క్లయింట్ మేనేజరు గంట సేపు వాదించాడు, ఇది మా ఫ్యాక్టరీ నెత్తిన పడుతుందని. ఫ్యాక్టరీ ఇంకా కట్టనే లేదండీ అంటే అప్పుడు తగ్గాడు.

ఇక లోపాలు.

బరువు. ఒక్కరి వల్ల కాదు, ఇద్దరు మోయాల్సిందే. నేల నుంచి కనీసం మూడు మీటర్ల ఎత్తున, చెట్లకి దూరంగా పెట్టాలి కాబట్టి ప్రతిసారీ ఎవరిదో ఒకరి డాబా ఎక్కించాలి. మెట్లు లేని డాబాలకి నిచ్చెన, తాడు. మా కుర్రాళ్ల నడుములకి నేనే బాధ్యురాలిని కాబట్టి 2016 నుంచి చోటు వెతికేటప్పుడు మెట్లున్న డాబానే చూడమంటున్నాను.

చప్పుడు. పక్కింట్లో పిండిమర ఆడుతున్నట్టు ఉంటుంది, అదీ రాత్రంతా. ఇంటివాళ్లకి కరెంటు బిల్లు, పైన కొంత ఇస్తాం. అయినా రెండో వారానికి మొహం మాడుస్తారు. తాండూరు దగ్గర ఒక ముసలమ్మ మాత్రం మొదటి రోజే అడిగింది: "బిడ్డా, గిది గాలి గుంజుతదంటున్నవ్. మరి మా ఇంట్ల గాలి తక్కువైతదా?" లేదవ్వా, వెనక నుంచి మళ్లీ వదిలేస్తది అన్నాను. అరచెయ్యి వెనక పెట్టి చూసుకుని, నవ్వి, చాయ్ పెట్టింది. ఇంకో ఊళ్లో వాన మబ్బుల్ని చెదరగొట్టే మిషన్ అని పుకారు లేచి రాత్రికి రాత్రే వైరు కోసేశారు. ఆ ఏడు వానల్లేవు, వాళ్లనీ అనలేం.

మానోమీటర్. గాలి ఎంత లాగుతోందో చెప్పే గాజు గొట్టం, అందులో రంగు నీళ్లు. గతుకుల రోడ్డు మీద బొలెరోలో వెళ్తే నీళ్లు ఒలికిపోతాయి. కొత్త మోడల్లో డిజిటల్ ఉంది, తీసుకునేవాళ్లు అదే తీసుకోండి.

కార్బన్ బ్రష్షులు. పాత మోడల్ మోటారుకి ఇవే పెద్ద తలనొప్పి. అరిగిపోయి సరిగ్గా అర్ధరాత్రి ఆగుతాయి, పైగా ఆ అరిగిన పొడి కూడా దుమ్మే కదా. కొత్తవాటిలో బ్రష్షుల్లేని మోటారు వస్తోంది. ధర ఎక్కువైనా కళ్లు మూసుకుని అదే కొనండి.

ఎర్తింగ్. పల్లె ఇళ్లలో చాలాచోట్ల ఎర్త్ ఉండదు. ఒక సన్నటి జల్లులో మా ఫీల్డు కుర్రాడొకడికి రేకు డబ్బా తగిలి షాక్ కొట్టింది. వెనక్కి పడ్డాడు, పిట్టగోడ ఉంది కాబట్టి బతికాడు. ఇందులో మిషన్ తప్పుకంటే నా తప్పే ఎక్కువ. అప్పటిదాకా టెస్టరు కూడా ఇవ్వకుండా పంపేదాన్ని. ఇప్పుడు ప్రతి మిషన్‌తో పాటు ట్రిప్పర్, ఎర్త్ రాడ్ వెళ్తాయి, అందరికీ ప్రమాద బీమా ఉంది. కంపెనీ నడపడం అంటే రిపోర్టులు రాయడం అనుకున్న నాకు వాళ్లమ్మకి ఫోన్ చేసి చెప్పాల్సి వచ్చిన ఆ రాత్రే మొదటి క్లాసు.

సర్వీసు. అమ్మేటప్పుడు అక్కా అంటూ పిలిచే డీలరు మోటారు కాలాక ఫోన్ ఎత్తడు. ఏటా క్యాలిబ్రేషన్‌కి, అంటే కొలత సరిగ్గా ఉందో లేదో సరిచూడ్డానికి, పంపితే ఒకసారి 40 రోజులు ఉంచుకున్నారు, బేస్‌లైన్ (ప్రాజెక్టుకి ముందు గాలి ఎలా ఉందో కొలిచే) సీజను మధ్యలో. వానాకాలం వదిలేసి మూడు నెలలు వరసగా తీయాలి, తప్పితే మళ్లీ సీజను కోసం ఆగాలి. ఆ టెన్షన్ పడలేక బాలానగర్‌లో ఒక వైండింగ్ షాపతన్ని పట్టుకున్నాం. మోటార్లు ఆయనే చేస్తాడు. క్యాలిబ్రేషన్ మాత్రం సర్టిఫికెట్ ఇచ్చేచోటికే పంపాలి, అందులో అడ్డదారి కుదరదు.

డబ్బుల సంగతి అడుగుతారు కాబట్టి రాస్తున్నాను. ఎనిమిది చోట్ల నిజంగా తీయాలంటే నాలుగు మిషన్లు తక్కువలో తక్కువ, ఇద్దరిద్దరు మనుషులతో రెండు జట్లు, ఒక బండి. పీఎం2.5కి, అంటే ఇంకా సన్నటి దుమ్ముకి, వేరే మిషన్లు. మా కొటేషన్ ఎప్పుడూ పక్కవాళ్లకంటే ఎక్కువే. మొదటి మూడేళ్లలో పది కొటేషన్లు పంపితే ఒకటో రెండో వచ్చేవి. పటాన్‌చెరు, చౌటుప్పల్ వైపు ఫ్యాక్టరీలకి నెలవారీ మానిటరింగ్ చేసుకుంటూ జీతాలిచ్చాను. ఇద్దరు మంచి కెమిస్టులు వెళ్లిపోయారు, ఆపడానికి నా దగ్గర ఏమీ లేదు.

తర్వాత మాకు నాబెట్ గుర్తింపు కోసం అసెస్‌మెంట్ జరిగింది. క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద కన్సల్టెన్సీలకిచ్చే ఆ గుర్తింపు లేకపోతే ఈఐఏ రిపోర్టు మన పేరుతో పెట్టలేం. వచ్చినాయన లాగ్‌బుక్కులు అడిగి, మీటర్ ఫోటోలు ఒక్కోటీ తిప్పి, కాలిక్యులేటర్ తీసి కూడుకున్నారు. ఏమీ అనలేదు. అసెస్సరు ఏమీ అనకపోవడం మా ఫీల్డులో పండగ. నీళ్ల శాంపిళ్ల మీద మాత్రం నాలుగు తప్పులు పట్టి వెళ్లారు.

కొత్తగా చేరిన పిల్లలు అడుగుతుంటారు, అరచేతిలో పట్టే సెన్సార్లు వచ్చాయి కదా మేడం, ఇంకా ఈ పెద్దాయనెందుకు అని. మా ఆఫీసు బాల్కనీలో ఒకటి ఉంది, ముచ్చటగానే ఉంటుంది. కానీ 2009 ప్రమాణాల్లో పీఎం10కి చెప్పిన పద్ధతుల్లో అది లేదు. పేపరు తూకం ఉంది. కాబట్టి మొయ్యాలి.

నా రేటింగ్: అయిదుకి మూడున్నర. సర్వీసు బాగుంటే నాలుగున్నర ఇచ్చేదాన్ని.

సొంతంగా మొదలుపెట్టేవాళ్లు సెకండ్ హ్యాండ్ కొనొచ్చు. బ్లోయరు అరగంట నడిపి చూడండి, సైక్లోన్ లోపల సొట్టలుంటే వదిలేయండి, రబ్బరు గాస్కెట్లు మార్పించండి. అమ్మేవాడి రిపోర్టులు నాలుగు అడిగి తీసుకుని వాటిలో రాసిన గంటల్ని అవర్ మీటర్‌తో పోల్చుకోండి. మిషన్ కండిషనే కాదు, మనిషి కండిషన్ కూడా తెలుస్తుంది.

మా పాత మిషన్లు అమ్ముతారా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. మొదటిది ఇవ్వను. రెండోది ఇస్తాను, మోటారు పోయినేడే వైండింగ్ చేయించాం. మీటరు 21,340 దగ్గర ఉంది. బేరం పాతిక వేల దగ్గర మొదలవుతుంది. ఇద్దరు రండి, మా ఆఫీసుకి లిఫ్టు లేదు.