ఆబ్జెక్టివ్-సీలో బహుళ పారామీటర్ల మెథడ్లు: ఏళ్ల తరబడి వాడిన తరువాత

ఒకటికి మించి పారామీటర్లు (బయటి నుంచి తీసుకునే విలువలు) ఉన్న మెథడ్‌ను, అంటే ఒక పని చేసే కోడ్ ముక్కను, రాసే విషయంలో, నేను పనిచేసిన ప్రోగ్రామింగ్ భాషలన్నిటిలో ఆబ్జెక్టివ్-సీకే నా మొదటి ఓటు. స్మాల్‌టాక్ అనే పాత భాష నుంచి వచ్చిన దీని పద్ధతిలో మెథడ్ పేరు ఒకే ముక్కగా ఉండదు. ప్రతి పారామీటర్‌కు ముందు పేరులో ఒక భాగం, దాని వెంట కోలన్, ఆపైన బ్రాకెట్లలో టైపు (విలువ రకం), చివరగా పారామీటర్ పేరు వస్తాయి. మొదట మైనస్ గుర్తు ఉంటే అది ఇన్‌స్టాన్స్ మెథడ్ (ఒక ఆబ్జెక్టుపై పిలిచేది), ప్లస్ ఉంటే క్లాస్ మెథడ్ (క్లాస్‌పైనే పిలిచేది).

దీని అసలు విలువ పిలిచేచోట తెలుస్తుంది. ‘స్ట్రింగ్‌బైరీప్లేసింగ్‌అకరెన్సెస్‌ఆఫ్‌స్ట్రింగ్:విత్‌స్ట్రింగ్:’ అనే మెథడ్‌నే తీసుకోండి. చాలా భాషల్లో కామాతో విడదీసిన రెండు స్ట్రింగులు పక్కపక్కన కనిపిస్తే, తీసేసేది ఏదో, దాని స్థానంలో పెట్టేది ఏదో తేల్చుకోవడానికి డాక్యుమెంటేషన్ తెరవవలసి వస్తుంది. ఇక్కడ ‘విత్‌స్ట్రింగ్’ తరువాత ఉన్నదే కొత్తదని ఆ వరుసే చెబుతుంది. పేరు పొడవు గురించి చాలామంది ఫిర్యాదు చేస్తారు గానీ, కోడ్ రాసే సాధనం ఎక్స్‌కోడ్ పేరును పూరించి ఇస్తుంది కనుక నాకది భారమనిపించలేదు. పారామీటర్‌కొక వరుస చొప్పున రాసి కోలన్లను ఒకే నిలువు గీతలోకి తెస్తే, ఆరు పారామీటర్ల మెథడ్ కూడా హాయిగా చదువుకోవచ్చు.

అయితే ఇవి ఇష్టమొచ్చిన క్రమంలో ఇవ్వగల ఆర్గ్యుమెంట్లు కావు. ‘ఇన్సర్ట్‌ఆబ్జెక్ట్:అట్‌ఇండెక్స్:’ను తిరగేసి రాస్తే అది వేరే మెథడే అవుతుంది. కోలన్లతో సహా మెథడ్ పూర్తి పేరునే సెలెక్టర్ అంటారు; టైపులు అందులో భాగం కావు కాబట్టి, ఒకే పేరుతో పూర్ణాంకానికొకటి, దశాంశానికొకటి రాయడం కుదరదు. ‘నంబర్‌విత్‌ఇంట్:’, ‘నంబర్‌విత్‌డబుల్:’ విడివిడిగా ఉన్నది అందుకే.

జాగ్రత్త పడవలసింది కోలన్ దగ్గర. ‘సేవ్’, ‘సేవ్:’ రెండు వేర్వేరు సెలెక్టర్లు. బటన్‌కు సెలెక్టర్ ఇచ్చేటప్పుడు కోలన్ జారిపోయినా బిల్డ్ సాఫీగా పూర్తి కావచ్చు. తీరా బటన్ నొక్కాక, ఆ సెలెక్టర్ తెలియదంటూ యాప్ కూలిపోతుంది. ప్రకటించని సెలెక్టర్లపై హెచ్చరికను బిల్డ్ సెట్టింగుల్లో తప్పక ఆన్ చేసుకోమని నా సలహా. మెథడ్‌ను నేరుగా కాక, సెలెక్టర్ ఇచ్చి ‘పెర్‌ఫార్మ్‌సెలెక్టర్’ ద్వారా పిలిస్తే రెండు ఆబ్జెక్టులకు మించి పంపలేము. అంతకు మించితే, మెథడ్ పిలుపునే ఒక ఆబ్జెక్టుగా ఉంచే ఎన్‌ఎస్‌ఇన్వొకేషన్ వాడాలి, అందులో మన ఆర్గ్యుమెంట్లు ఇండెక్స్ 2 నుంచి మొదలవుతాయి. 0, 1 స్థానాలు సెల్ఫ్‌కు (పిలుపు అందుకునే ఆబ్జెక్టుకు), సెలెక్టర్‌కు చెందినవి.

నాకు తీరని అసంతృప్తి ఒక్కటే: పారామీటర్‌కు ఏమీ ఇవ్వనప్పుడు వాడుకునే డిఫాల్ట్ విలువలు లేకపోవడం. ఒక పారామీటర్‌ను ఐచ్ఛికం చేయాలంటే, తక్కువ పారామీటర్లతో మరో మెథడ్ రాసి, అది పెద్దదాన్ని పిలిచేలా చేయాలి. ఇలాంటివి పెరిగేకొద్దీ మెథడ్లను ప్రకటించే హెడర్ ఫైలు మెథడ్ వరుసలతోనే నిండిపోతుంది.